ఏమరుపాటుకు 15 రోజులు

మా తాత నెల్లూరులో జట్కా తోలేవాడు. మూలాపేటలో రెండు గదుల ఇల్లు, దాని పక్కనే రేకుల కొట్టం, కొట్టంలో గుర్రం. ఆ గుర్రం పేరు చిన్ని. గోధుమ రంగు ఒళ్లు, నుదుటి మీద సున్నం బొట్టు పెట్టినట్టు తెల్ల మచ్చ. స్కూలు నుంచి రాగానే సంచీ అరుగు మీద పడేసి, ఉడకేసిన ఉలవలు బకెట్లో పోసి దాని ముందు పెట్టడం నా పని. గడ్డీ లద్దే కలిసిన ఆ కొట్టం వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నా అడుగులు ఆగిపోతాయి.

తాత జట్కావాడు కాకముందు తొమ్మిదేళ్లు మద్రాసులో ఉన్నాడు. గిండీ రేసుకోర్సు లాయాల్లో గుర్రాలను తోమడం, మేత పెట్టడం, పొద్దున్నే కళ్లెం పట్టుకుని నడిపించడం, అదీ ఆయన పని. పెళ్లయ్యాక నెల్లూరు వచ్చేశాడు. గుర్రాన్ని మాత్రం వదల్లేదు. వదలనిది ఇంకోటి కూడా ఉంది. గిండీలో విన్న మాటలు. రేసుల్లో తప్పొప్పులు తేల్చే స్టివార్డులను ‘ఇస్టూవర్డు దొరలు’ అనేవాడు. మా ఇంట్లో ఎవరు ఏ తప్పు చేసినా, పాలు పొంగిపోయినా, లెక్కల్లో నాకు మార్కులు తగ్గినా, తాత మంచం మీద లేచి కూర్చుని ‘ఎంక్వైరీ’ అనేవాడు. ఆ మాట ఇంగ్లీషని నాకు చాలాకాలం తెలియదు.

ఒక సంగతి చెప్పాలి. ఆయన పందెం కాసేవాడు కాదు. జీతం వచ్చిన రోజునే జేబు ఖాళీ చేసుకుని, ఇంటికి ఎలా పోవాలో తెలియక లాయాల గోడ పక్కన కూర్చున్న మనుషులను ఆయన చూశాడు. ఆయనకి కావాల్సింది గుర్రం పరుగు, దాని మీద మనిషి ఎలా కూర్చున్నాడు, అంతే.

1985 సంక్రాంతి సెలవుల్లో నన్ను గిండీ తీసుకెళ్తానన్నాడు. అవ్వ ఇంతెత్తున లేచింది.

‘ఆడపిల్లని జూదం కాడికి తీసకపోతావా? సిగ్గుండాల.’

‘జూదం చూపించనే. గుర్రాలను చూపిస్తా.’

తెల్లవారుజామున పాసింజరు ఎక్కాం. గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట, తడ దాటి మద్రాసు సెంట్రల్లో దిగేసరికి అవ్వ కట్టిచ్చిన పులిహోర అయిపోయింది. రోడ్డు దాటి పార్క్ స్టేషన్లో చిన్న కరెంటు రైలు ఎక్కి గిండీలో దిగాం. తాత పాత స్నేహితుడు ఒకాయన ఇంకా లాయాల్లోనే పని చేస్తున్నాడు. ఆయన మమ్మల్ని వెనక వైపు నుంచి తీసుకెళ్లి కంచె దగ్గర నిలబెట్టాడు.

అంత దగ్గరగా రేసు చూస్తే ముందు తెలిసేది కళ్లకి కాదు, కాళ్లకి. నేల అదురుతుంది. ఒక్కో గుర్రం బరువు దాదాపు 500 కిలోలు. గంటకు 60 కిలోమీటర్లు దాటిన వేగం. పది పన్నెండు గుర్రాలు ఒకదాన్నొకటి రాసుకుంటూ వచ్చేస్తుంటే నేను తాత పంచె పట్టుకున్నాను.

మేం చూసిన ఒక రేసులో పసుపు చొక్కా వేసుకున్న కుర్రాడు గెలిచాడు. మీసం కూడా రాలేదు. అప్రెంటిసు, అంటే ఇంకా నేర్చుకునే జాకీ. అలాంటివాళ్లకి గుర్రం మోసే బరువులో కొంత తగ్గింపు ఇస్తారని తాత చెప్పాడు. చివరి మలుపు తిరిగాక ఆ కుర్రాడు బయట నుంచి వచ్చి లోపలి కంచె వైపు జరిగాడు. జరిగిన చోట వెనక ఇంకో గుర్రం ఉంది. దాని మీద పెద్దాయన పగ్గాలు గట్టిగా లాగి, గుర్రం తల పైకెత్తించి ఆపుకున్నాడు. నాకు ఇదేమీ కనపడలేదు. జనం అరుస్తున్నారు, పసుపు చొక్కా ముందుంది, అదే నాకు కనపడింది. తాత అరవలేదు.

‘చూడకుండా లోపలికి వచ్చేసినాడు. పిలుస్తారు’ అన్నాడు మెల్లగా.

అన్నట్టే మైకులో ఏదో చెప్పారు. జనం ఒక్కసారిగా సద్దుమణిగారు. పందెం చీటీలు చించబోయినవాళ్లు చేతులు ఆపారు. ఎంక్వైరీ. మా ఇంట్లో పాలు పొంగిపోతే వినపడే మాట అక్కడ మైకులో వినపడేసరికి నాకు ఒళ్లు జలదరించింది.

స్టివార్డులంటే రేసు పెద్దలు. రేసు మొత్తం కనిపెట్టి ఉంటారు. ఎవరైనా ఇంకొకరి దారికి అడ్డం వస్తే జాకీలను గదిలోకి పిలిచి, ఇద్దరి మాటా విని, తీర్పు చెబుతారు. ఇప్పుడైతే ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి కెమెరాలుంటాయి. గదిలో కూర్చుని అదే పది సెకన్లను ముందుకీ వెనక్కీ తిప్పి చూస్తారు. తప్పు తేలితే గుర్రాన్ని గెలిచిన స్థానం నుంచి కిందికి దించుతారు. జాకీకి హెచ్చరికో, జరిమానానో, కొన్నాళ్లు గుర్రం ఎక్కకూడదన్న నిషేధమో పడుతుంది. ఆ నిషేధం ఒక్క ఊరికే కాదు. మన దేశంలో ఒక రేసు క్లబ్బు ఆపిన జాకీని మిగతా క్లబ్బులూ ఎక్కనివ్వవు. గిండీలో ఆపితే బొంబాయిలోనూ ఆగినట్టే.

కాసేపటికి ఫలితం మారింది. పసుపు చొక్కా గుర్రం రెండోదయింది. సాయంత్రం తాత స్నేహితుడు వచ్చి, కుర్రాణ్ణి మూడు వారాలు ఆపేశారని చెప్పాడు. జీను చేతి మీద వేసుకుని తల దించుకుని నడిచిపోతున్న ఆ అబ్బాయిని నేను దూరం నుంచి చూశాను. మా క్లాసులో ఫెయిలైన పిల్లల నడక లాగానే ఉంది.

తిరుగు రైల్లో ఎంతకీ ఊరుకోలేకపోయాను.

‘వాడు కావాలని చేశాడా తాతా?’

‘లేదు.’

‘మరి శిక్ష ఎందుకు?’

‘కావాలని చేసుంటే ఈ మూడు వారాలతో పొయ్యేది కాదు. వీడు చూడలా. చూడకపోయినందుకే ఇది.’

‘వెనకాయన పడలేదు కదా?’

తాత చాలాసేపు కిటికీలోంచి చూశాడు. సూళ్లూరుపేట దాటాక అనుకుంటా, అప్పుడు చెప్పాడు. గిండీలో ఆయన కొత్తగా చేరిన రోజుల్లో, పొద్దున సాధనలో, వెనక గుర్రం ముందుకాలు ముందు గుర్రం మడమకి తగిలింది. తగిలిందంటే తగిలింది, అంతే. వెనక గుర్రం బోర్లాపడింది. దాని మీద కుర్రాడు మళ్లీ లేవలేదు. ఆ రోజు ఖాళీ జీనుతో తిరిగొచ్చిన గుర్రాన్ని పట్టుకుని లాయంలో కట్టేసింది తాతే. దాని ఒళ్లు సాయంత్రం దాకా వణుకుతూనే ఉందట.

‘ఈ రోజు వెనకాయన పగ్గం లాగినాడు కాబట్టి పడలా. ఆయన జాగర్తని వీడి ఖాతాలో ఎట్టా రాస్తారు పాపా?’

ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. కానీ పోగొట్టుకోలేదు.

పెద్దయ్యాక 1979లో బొంబాయి మహాలక్ష్మి రేసుకోర్సులో పడి చనిపోయిన కార్ల్ ఉమ్రిగర్ గురించి చదివాను. ఎంతో పైకి వస్తాడనుకున్న జాకీ, ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. చదివినప్పుడు నాకు ఆయన ముఖం కంటే ముందు, ఎప్పుడూ చూడని ఆ గిండీ గుర్రం, దాని వణుకు గుర్తొచ్చాయి.

నెల్లూరు వచ్చాక మాకు కొత్త పని పడింది. ట్రంకు రోడ్డు పక్కన టీ కొట్లో ఇంగ్లీషు పేపరు వేసేవాళ్లు. అందులో రేసు కార్డు ఉండేది, అంటే ఏ రేసులో ఏ గుర్రం, దాని మీద ఎంత బరువు, ఎవరు ఎక్కుతున్నారు అన్న పట్టిక. తాతకి తెలుగైతే కూడబలుక్కుని చదవడం వచ్చు, ఇంగ్లీషు రాదు. నేనప్పుడే ఆరో తరగతిలో ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకుంటున్నాను. పేపరు బల్ల మీద పరిచి వేలు పెట్టి వరసగా వెతికేదాన్ని. ఒక వారం ఆ కుర్రాడి పేరు లేదు. రెండో వారం లేదు. మూడో వారమూ లేదు. తర్వాత ఒక రోజు కనపడింది.

‘ఎక్కినాడా?’

‘ఎక్కాడు తాతా.’

ఆ రోజు తాత నాకు బన్ను కొనిపెట్టి, టీ కొట్టాయనకి కూడా టీ ఇప్పించాడు. ఎవరో ఏమిటో తెలియని పిల్లవాడి కోసం అంత సంతోషం ఎందుకో ఆ టీ కొట్టాయనకి బోధపడలేదు.

అదే సంవత్సరం కార్తీకంలో ముసురు పట్టింది. నెల్లూరు ముసురు సంగతి తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు, మూడు రోజులైనా సూర్యుడు కనపడడు. ఒక సాయంత్రం స్టేషన్ నుంచి ఇద్దరు ప్రయాణికులను ఎక్కించుకుని వస్తూ తాత ఒక సందులోకి బండి తిప్పాడు. వర్షానికి గోనెపట్టా కట్టి ఉంది కాబట్టి వెనక కనపడదు. మామూలుగా అయితే తల బయటపెట్టి చూసి, చేయి చాపి, అప్పుడు తిప్పుతాడు. ఆ రోజు చూడలేదు. వెనక సైకిల్ మీద వస్తున్న పిలకాయ చక్రానికి తగిలి పడ్డాడు. మోచేయి దగ్గర ఎముక విరిగింది.

ప్రయాణికులను దించేసి, ఆ పిల్లవాణ్ణి అదే బండిలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లింది తాతే. కట్టు కట్టించి, సంతపేటలో వాళ్లింటికి చేర్చి, రాత్రి ఎప్పుడో వచ్చాడు. పోలీసుల దాకా పోలేదు. ఆ చుట్టుపక్కల ఉన్నవాళ్లందరూ పిలకాయదే తప్పన్నారు. వానలో బ్రేకులు పడని సైకిల్ తోలుకుంటూ అంత స్పీడుగా వస్తే ఎవరేం చేస్తారన్నారు. పిల్లవాడి నాన్న మొదట కేకలేసినా, తాత డబ్బులిచ్చాక, ‘పోనీలే పెద్దాయనా, ప్రాణానికేం కాలా’ అన్నాడట.

మర్నాడు తాత స్టాండుకి పోలేదు. చిన్నిని తోమాడు, ఉలవలు పెట్టాడు, కళ్లెం తీసి కొక్కేనికి తగిలించాడు. చర్నాకోల తెచ్చి అవ్వ చేతికిచ్చాడు.

‘15 రోజులు నేను బండి ఎక్కను.’

‘ఎవురు చెప్పినారు ఎక్కొద్దని?’

‘ఎవురూ చెప్పలా. అందుకే నేను చెప్పుకుంటుండా.’

అవ్వకి కోపం వచ్చింది. ఆమె కోపంలో న్యాయం లేకపోలేదు. ఆటోలు వచ్చి జట్కాల బేరం తగ్గిపోయిన రోజులవి. పండగ అప్పు ఇంకా తీరలేదు. గుర్రానికి రోజూ మేత కావాలి. తిన్నా తినకపోయినా మనుషులం సర్దుకుంటాం, అది సర్దుకోదు. స్టాండులో తోటి బండివాళ్లు ఇద్దరు వచ్చి నచ్చజెప్పారు. ‘ఎవరికీ లేని రూలు నీకెందుకన్నా?’ అన్నారు. తాత వాళ్లకి గిండీ సంగతంతా మొదటి నుంచీ చెప్పాడు. ముందుపోయే గుర్రం తన పొడవు, ఆపైన ఇంకో గుర్రం పొడవు ఖాళీ ఉందని చూసుకుని అప్పుడే పక్కకి జరగాలని, ఆస్ట్రేలియాలో లెక్కే అదని, ఎక్కడి నుంచి విన్నాడో ఆ లెక్క కూడా చెప్పాడు. నేను తర్వాత చూసుకుంటే ఆ లెక్క నిజమే.

బేరం పూర్తిగా పోకుండా ఒక దారి కూడా ఆయన రేసుల నుంచే తెచ్చాడు. జాకీని ఆపినా గుర్రాన్ని ఆపరు, ఇంకో జాకీ ఎక్కుతాడు. పక్కింటి సాయిబు మామ బండి ఇరుసు విరిగి ఇంట్లో కూర్చుని ఉన్నాడు. తాత ఆయన్ని పిలిచి చిన్నినీ బండినీ అప్పగించాడు. ‘మేత ఖర్చు నాకియ్యి, మిగతాది నీది’ అన్నాడు. సగం తీసుకోమని మామ ఎంత బతిమాలినా వినలేదు. తోలనివాడికి బాడుగ ఎట్టా వస్తుందన్నాడు. అవ్వ ఆ మాట విని లోపలికి పోయి, రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఆ 15 రోజులూ తాత ఏం చేశాడో నాకు బాగా గుర్తు. తెల్లవారకముందే చిన్నిని పెన్న ఇసుకలోకి నడిపించుకుపోయేవాడు. ఎక్కేవాడు కాదు, పక్కన నడిచేవాడు. మామ వచ్చి బండి కట్టేటప్పుడు దూరంగా అరుగు మీద కూర్చుని చూసేవాడు, ఏమీ చెప్పేవాడు కాదు. మధ్యాహ్నం నిద్ర పట్టేది కాదు. వీధిలో ఏ లాడాల చప్పుడు వినపడినా తల ఎత్తేవాడు. సాయంత్రం నాలుగు బత్తాయిలు కొనుక్కుని, నన్ను వెంటబెట్టుకుని సంతపేట నడిచేవాడు. ఆ పిలకాయ నాకంటే ఏడాది పెద్ద. మొదటి రోజు మాతో మాట్లాడలేదు. మూడో రోజు గుర్రం పేరేంటని అడిగాడు. తర్వాత చిన్ని గురించి ఆపకుండా అడుగుతూనే ఉన్నాడు. ఏం తింటుంది, నిలబడి నిద్రపోతుందా, లాడాలు కొడితే నొప్పి పుట్టదా అని. తాత ఓపిగ్గా చెప్పేవాడు. ఆ ఇంట్లో తాత ఒక్కసారి కూడా వర్షం సంగతి ఎత్తలేదు, సైకిల్ బ్రేకుల సంగతి ఎత్తలేదు. ‘నేను చూడలా నాయనా’ అన్నాడు, అంతే.

తొమ్మిదో రోజున అనుకుంటా, ఒక పెళ్లివాళ్లు వచ్చారు. తాత తోలితేనే బండి కావాలన్నారు, పాత వాడుక. అడిగినంత ఇస్తామన్నారు. అవ్వ తలుపు పక్కన నిలబడి ఊపిరి బిగబట్టి వింటోంది. తాత సాయిబు మామ పేరు చెప్పి పంపించేశాడు.

ఆ తర్వాత బండి అమ్మేసేదాకా, ఆ సందు మలుపు వచ్చిందంటే తాత దిగేవాడు. వెనక్కి పోయి చూసి, చిన్ని కళ్లెం పట్టుకుని తిప్పి, మళ్లీ ఎక్కేవాడు. బండిలో ఉన్నవాళ్లు విసుక్కున్నా సరే.

నేను రేసులు చూసేదాన్ని కాదు. కానీ 2019 మేలో అమెరికాలో కెంటకీ డెర్బీ అనే పెద్ద రేసు జరిగినప్పుడు, ఒక వార్త నా కళ్లను ఆపేసింది. మాగ్జిమమ్ సెక్యూరిటీ అనే గుర్రం అందరికంటే ముందు గీత దాటింది. మలుపు దగ్గర అది పక్కకి జరిగి మిగతా గుర్రాలకు అడ్డం వచ్చిందని ఫిర్యాదు. స్టివార్డులు 22 నిమిషాలు వీడియో చూసి దాన్ని మొదటి స్థానం నుంచి 17కి దించేశారు. అంతకుముందు 144 డెర్బీలు జరిగితే, పరుగులో అడ్డం వచ్చినందుకు గెలిచిన గుర్రాన్ని దించడం ఒక్కసారి కూడా లేదు. నాలుగు రోజులు అందరూ దాని గురించే గొడవ పడ్డారు. నేను మాత్రం చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను. దాని జాకీ లూయిస్ సాయెజ్‌ని 15 రోజులు సస్పెండ్ చేశారు.

15 రోజులు. మా తాత లెక్కే.

2022లో ఫ్రాన్సులో క్రిస్టోఫ్ సుమియాన్ అనే పేరున్న జాకీ, పరుగు మధ్యలో పక్క జాకీని మోచేత్తో పొడిచి గుర్రం మీద నుంచి పడేశాడు. 60 రోజుల నిషేధం పడింది. పడ్డ జాకీకి అదృష్టవశాత్తూ పెద్ద దెబ్బలు తగల్లేదు. ఆ నిషేధం మొదలయ్యేలోపు రెండు రోజులకే జరిగిన ప్రపంచంలోని పెద్ద రేసుల్లో ఒకటైన ఆర్క్‌లో ఆయన దర్జాగా గుర్రం ఎక్కాడు. అది చదివి నేను నిజంగా బాధపడ్డాను. మా తాత మర్నాడే కళ్లెం కొక్కేనికి తగిలించాడు. చేసిన పనికీ దాని శిక్షకీ మధ్య పెద్ద రేసు ఒకటి పడితే, ఆ రేసు వదులుకోవడమే కదా శిక్ష!

గిండీ కథ కూడా చాలా మలుపులు తిరిగింది. గుర్రప్పందేలు రద్దు చేస్తూ తమిళనాడు 1974లోనే చట్టం చేసింది. అది కోర్టుల్లో నలుగుతుండగా, మేం చూసొచ్చిన మరుసటి ఏడాది, 1986లో క్లబ్బునే ప్రభుత్వం తీసుకుంటూ ఇంకో చట్టం వచ్చింది. 1996లో సుప్రీంకోర్టు గుర్రప్పందెం నైపుణ్యం ఉన్న ఆటేనని తీర్పిచ్చింది. చివరికి 2024 సెప్టెంబరులో, బాకీపడ్డ అద్దె కోట్ల తగాదాలో, ఆ 160 ఎకరాల స్థలాన్ని ప్రభుత్వం స్వాధీనం చేసుకుని గేట్లకి సీలు వేసింది. ఆ వార్త చూసిన రోజు తాత ఉండి ఉంటే లాయాల్లో గుర్రాలు ఎక్కడికి పోయాయని ముందు అడిగేవాడు.

పదిహేనో రోజు రాత్రి మళ్లీ వాన పడుతోంది. కరెంటు లేదు. అవ్వ కోపం అప్పటికి తగ్గింది, చేపల పులుసు వండింది. తాత లాంతరు దగ్గర కూర్చుని కళ్లేనికి నూనె రాస్తున్నాడు. నేను నోటు పుస్తకంలో ఒక కాగితం చింపి, స్కేలు పెట్టి గీతలు కొట్టి, టీ కొట్లో పేపర్లో చూసినట్టే ఒక కార్డు తయారుచేశాను. పైన రేపటి తేదీ వేశాను. నంబరు దగ్గర 1. గుర్రం దగ్గర చిన్ని. జాకీ దగ్గర మా తాత పేరు పూర్తిగా, ఇంటి పేరుతో సహా రాసి ఆయన చేతికిచ్చాను.

తాత లాంతరు వత్తి పెంచి, కాగితాన్ని దగ్గరగా పెట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు. చదివి మళ్లీ మొదటి నుంచి చదివాడు. కళ్లు తుడుచుకున్నాడు.

‘అంతా బాగానే ఉండాది. బరువు రాయలేదే పాపా?’

‘ఎంత తాతా?’

కాసేపు ఆలోచించి చెప్పాడు.

‘నలుగురు మనుషులు, రెండు ట్రంకు పెట్టెలు.’

అట్లాగే రాశాను.